మొగ్గు లేని కొలత

గణాంక విభాగంలో కొత్తగా చేరినవారికి ఒక పూట పాఠం చెప్పమని ఈమధ్య అనకాపల్లిలో నన్ను పిలిచారు. వెళ్ళి ముందుగా ఒక ప్రశ్న అడిగాను: నిష్పాక్షికత అంటే ఏమిటి? ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి, "ఎవరి పక్షమూ వహించకపోవడం మేడమ్" అంది. వెనక నుంచి ఒక అబ్బాయి, "అంచనాల సగటు అసలు విలువకు సమానం కావడం" అన్నాడు. రెండు జవాబులకూ మార్కులు వేయవచ్చు. కానీ ఆ రెండింటికీ మధ్య ఉన్న దూరంలోనే నా ఉద్యోగమంతా గడిచింది. ఆ పూట అది చెప్పడానికి వ్యవధి చాలలేదు. ఆ ఇద్దరి కోసం, వారిలా చేరబోయేవారి కోసం ఇది రాస్తున్నాను. నాకు వచ్చిన పదోన్నతులు, బదిలీలు ఇందులో ఉండవు. ఒక ఊరు, రెండు కోతలు, నేను చేసిన ఒక తప్పు ఉంటాయి.

ఒక మాట గురించి

మన పుస్తకాల్లో 'బయాస్' అన్న మాటను పక్షపాతం అని అనువదించారు. ఆ అనువాదంతో నాకు పేచీ ఉంది. పక్షపాతం అనగానే ఒక స్వార్థపరుడు కళ్ళముందు నిలబడతాడు. మనం స్వార్థపరులం కాము కాబట్టి మనకు ఆ దోషం అంటదనుకుంటాం. నా మొదటి పై అధికారి సన్యాసిరావుగారు ఆ మాట వాడేవారు కాదు. ఆయన 'మొగ్గు' అనేవారు.

సంతలో కూరగాయలమ్మే ఆమె తక్కెడ సమంగా నిలిచాక ఇంకొక వంకాయ వేస్తుంది. ముల్లు మన వైపు వంగుతుంది. "మొగ్గు తూసేనమ్మా" అంటుంది. అందులో మోసం లేదు, మర్యాద ఉంది. తెలిసిన మనిషికి సమంగా తూచి ఇవ్వడం మన వైపు కాస్త మొరటుతనం కిందే లెక్క. ఆ వంకాయను నేనూ తీసుకుంటాను, ఇప్పటికీ. అయితే ఊరిలోని తక్కెడలన్నీ మర్యాద కొద్దీ ఒకే వైపు వంగితే ఆ సంతకు వచ్చిన వంకాయలెన్నో ఎవరూ చెప్పలేరు. నా ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో లెక్కలు తప్పించిన దుర్మార్గులు నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు. మిగిలిన తప్పులన్నీ మంచివాళ్ళు మర్యాద కొద్దీ చేసినవే.

పని ఏమిటంటే

పంట కోత ప్రయోగం అనే పేరు వినడానికి పెద్దదే కానీ పని చిన్నది. ఊరిలో వరి వేసిన చేలలోంచి నాలుగింటిని లాటరీ పద్ధతిలో ఎంచుతారు. ప్రతి చేనుకూ రెండు సంఖ్యలు ఇస్తారు. అవి ఎవరి ఇష్టానిష్టాలతోనూ సంబంధం లేకుండా పట్టికలోంచి వచ్చిన సంఖ్యలు. చేను నైరుతి మూలన నిలబడి, మొదటి సంఖ్య ఎంతో అన్ని అడుగులు పొడవునా నడవాలి. అక్కడ నుంచి రెండో సంఖ్య ఎంతో అన్ని అడుగులు చేనులోకి నడవాలి. ఆగిన చోట కర్ర పాతి, ఐదు మీటర్ల చదరం కొలిచి తాడు కట్టి, అందులోని పంట కోయించి, నూర్చి, తూర్పారబట్టి, తూకం వేయాలి. నాలుగు చేల సగటే ఆ ఊరి దిగుబడి. వానలు ముంచిన ఏడు, పంట నష్టపోయిన ఊళ్ళ జాబితాలో ఆ ఊరి పేరు ఉంటుందో లేదో ఆ సగటే తేలుస్తుంది. ప్రభుత్వం గీసిన గీత కంటే సగటు తక్కువైతేనే పేరు ఎక్కుతుంది, రైతులకు సాయం అందుతుంది. ఇప్పుడు సంఖ్యలు ఫోనులో వస్తున్నాయి, కర్ర దగ్గర ఫొటో కూడా తీస్తున్నారు. నడిచే కాళ్ళు మాత్రం మనిషివే.

సన్యాసిరావుగారు నాకు నేర్పిన మొదటి పాఠం చూపు గురించి. అడుగులు లెక్కపెట్టేటప్పుడు పంట వైపు చూడనిచ్చేవారు కాదు. "కాళ్ళు సూసుకుంటూ నడువమ్మాయ్. కన్ను కంకి మీద పడిందా, కాలు అటే ఎల్తాది" అనేవారు. ఎమ్మెస్సీలో బంగారు పతకం తెచ్చుకున్న నాకు ఆ మాట చాదస్తంగా తోచింది.

పది అడుగులు

మునగపాక మండలంలో ఒక ఊరు. పేరు రాయను. కోతలకు ముందు ముసురు పట్టి చేలలో నీరు నిలిచిన ఏడు అది. నా వంతుకు వచ్చిన చేను అప్పలనాయుడు అనే రైతు కౌలుకు చేస్తున్నది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడు. గట్టు మీద ఆయన బావమరిది సింహాచలం కొడవలి పట్టుకుని కూర్చున్నాడు.

పొడవునా ఇరవై మూడు, లోపలికి తొమ్మిది. తొమ్మిదో అడుగు పడిన చోట పైరు కుళ్ళి, మట్టి కనిపిస్తోంది. అక్కడక్కడా నాలుగు దుబ్బులు. నేను కర్ర దించబోయాను.

"ఇక్కడొద్దమ్మా" అన్నాడు అప్పలనాయుడు.

"నంబరు ఇక్కడికే వచ్చిందండీ."

"నంబరుకేటి తెలుసమ్మా, అది సేను సూసిందేటి? మొదటిసారి మా సేలోకి వచ్చేరు. బోసిమడి సూపెట్టి పంపిత్తే మా ఇంటిది నన్ను బతకనిత్తాదా? అల్లదిగో, ఆ గట్టుకాడ సూడండి కంకి ఎలాగుందో."

గట్టు మీద నుంచి సింహాచలం అందుకున్నాడు. "మా బావ పెళ్ళిసూపులప్పుడూ ఇంతేనండి. పన్నూడిన పక్క కనబడకండా గోడవైపు తిరిగి కూకున్నాడు. మా అప్ప తాళి కట్టించుకున్నాకే సూసింది."

"అప్పుడే సూసుంటే మీ అప్పని ఇయ్యాలకీ నువ్వే సాకుతుందువురా" అన్నాడు అప్పలనాయుడు. ముగ్గురమూ నవ్వాం.

ఆ నవ్వులో నేను కర్ర ఎత్తాను. కేవలం మొహమాటానికి ఎత్తలేదు. అలా అయితే ఈ కథ ఇంత కాలం నన్ను వెంటాడి ఉండేది కాదు. నేను శాస్త్రం చదివినదాన్ని కాబట్టి శాస్త్రీయంగానే నన్ను నేను సమాధానపరచుకున్నాను. చేనులో సగానికి పైగా పైరు నిలిచే ఉంది, ఈ బోసి ముక్క మినహాయింపు, మినహాయింపును కొలిస్తే చేనుకు అన్యాయం జరుగుతుంది, కొంచెం జరిపితే కొలత సత్యానికి దగ్గరవుతుంది అనుకున్నాను. పది అడుగులు పక్కకు నడిచి, కంకి బరువుకు వంగిన చోట కర్ర పాతాను. ఫారంలో ఇరవై మూడు, తొమ్మిది అనే రాశాను. తిరిగి వచ్చేటప్పుడు అప్పలనాయుడు రెండు చెరుకుగడలు కొట్టించి బస్సు దాకా మోసుకొచ్చి ఇచ్చాడు.

జాబితా వెలువడింది. పక్క ఊరి పేరు ఉంది. ఈ ఊరి పేరు లేదు. సగటు గీతకు కొద్దిగా పైన నిలిచింది.

సన్యాసిరావుగారి గది

నేను వెళ్ళి చెప్పాను. ఆయన ఫైలు మూసి, ఒక్కొక్కటే అడిగారు.

"ఎన్ని అడుగులు?"

"పదండీ."

"ఎటు?"

"పంట బాగున్న వైపు."

"బాగున్న చోట నంబరు పడితే, ఇది మరీ బాగుంది, ఇదీ మినహాయింపే అని బోసిమడి వైపు ఎప్పుడైనా జరిపేవా?"

"లేదండీ."

"అదేనమ్మాయ్ మొగ్గు. పొరపాటు ఓసారి అటు పడతాది, ఓసారి ఇటు పడతాది, నాలుగు కొలతల్లో కొట్టుకుపోతాది. మొగ్గు ఎప్పుడూ ఒకవైపే. అది కొట్టుకుపోదు, పేరుకుపోతాది." ఫైలు పక్కకు నెట్టి, "మిగతా మూడు సేలకీ ఎల్లి అడిగిరా. నిందెయ్యడానికి కాదు, తెలుసుకోడానికి" అన్నారు.

వెళ్ళాను. ఒక చేనులో మా సహోద్యోగి కొత్త ప్యాంటుకు బురద అంటుతుందని నీరు నిలిచిన మడిలోకి దిగలేదు, ఆరిన చోటే కోయించాడు. బురద లేని చోట పంట నిలుస్తుందని ఆయనకు తట్టలేదు. ఇంకొక చేనులో కొలవడానికి వెళ్ళిన సహోద్యోగికి రైతే ముందు నడిచి దారి చూపించాడు. తన ఇంటికి వచ్చినవారిని ఎవరైనా బాగున్న గదిలోనే కూర్చోబెడతారు. మూడో చేనులో మాత్రం కర్ర పడవలసిన చోటే పడింది. నాలుగింట మూడు ఒకే దిక్కుకు ఒరిగాయి. ముగ్గురం మాట్లాడుకుని చేసింది కాదు. మాకు ఒకరి సంగతి ఒకరికి తెలియనే తెలియదు.

నలభై చేలు కోసినా ఇలాగే కోస్తే సగటు అంతే ఎత్తున నిలిచేదని, ఎక్కువ చేలు కోశాం కదా అని మనం దాన్ని ఇంకా గట్టిగా నమ్మేవాళ్ళమని ఆ రోజు నాకు అర్థమైంది. పరీక్షలో ఇదే విషయం మీద నిండు మార్కులు తెచ్చుకుని అప్పటికి మూడేళ్ళయింది.

"నా చేను దిగుబడి తగ్గించి రాస్తానండీ" అన్నాను.

"ఎంతకి తగ్గిత్తావు?"

ఫారంలోని అంకె మీద వేలు పెట్టాను.

"నీ మనసుకి తోచినంతా? నాడు మనసుకి తోచిన చోటికి ఎల్లేవు. ఇప్పుడు మనసుకి తోచిన అంకె రాత్తానంటున్నావు. రెండూ ఒకటే పని. జరిగింది జరిగినట్టు రాసియ్యి, పైకి పంపిత్తాను. ఫలితం ఉండదు. అయినా రాయి."

రాశాను. పంపారు. జవాబు రాలేదు. అప్పటికి చేలు కోసేశారు. మళ్ళీ కొలవడానికి పంట లేదు.

నా పది అడుగుల వల్లనే ఆ ఊరు జాబితాలోకి రాలేదని నేను నిరూపించలేను. అడుగు పడిన చోటే కోసి ఉంటే సగటు గీత కిందికి దిగేదా లేదా అన్నది ఇక ఎవరూ తేల్చలేరు. దీన్ని నా తప్పును తగ్గించుకోవడానికి చెప్పడం లేదు. కొలతను జరిపినవారు పోగొట్టేది అదే: తరువాత తేల్చుకోగల వీలు.

ఏడాది తిరగకముందే అనకాపల్లి బస్సు కాంప్లెక్సులో సింహాచలం కనిపించాడు. "బావ కౌలు ఒదిలీసేడండి. మళ్ళీ ఇత్తనానికి నిలదొక్కుకోలేకపోయేడు. పరవాడ కంపెనీలో గేటుకాడ కూకుంటన్నాడు, పొద్దున్నే బస్సెక్కుతాడు" అన్నాడు. "పక్క ఊరోళ్ళని రాసుకున్నారు, మమ్మల్ని రాసుకోలేదు. మా రాత." నేను అప్పుడు నోరు విప్పలేదు. బస్సు వచ్చింది, ఎక్కేశాను. పది అడుగుల కంటే అది పెద్ద తప్పు.

అందరూ అంటున్నారు

తరువాతి సంవత్సరాల్లో ఈ మొగ్గు నాకు ప్రతిచోటా కనిపించింది. ఒక అధికారి ఉండేవారు. నిజాయితీపరుడే. దిగుబడి అంకె ఆయన ఊహకు దగ్గరగా ఉంటే సంతకం చేసేవారు, దూరంగా ఉంటే "మళ్ళీ చూడండి" అని వెనక్కి పంపేవారు. తప్పులు సరిదిద్దుతున్నానని ఆయన నమ్మకం. కానీ ఊహకు సరిపోయిన అంకెలో తప్పుందేమోనని ఆయన ఒక్కసారీ వెతకలేదు. ఆయన దగ్గర పనిచేసిన మూడేళ్ళలో మా కాగితాలు చేల సంగతి చెప్పడం మానేసి ఆయన సంగతి చెప్పడం మొదలుపెట్టాయి. తనిఖీ చేయడం గొప్ప అలవాటు. నచ్చని అంకెను మాత్రమే తనిఖీ చేయడం మొగ్గుల్లోకెల్లా గౌరవప్రదమైన మొగ్గు. మీలో తెలివైనవారు ముందుగా దీనికే లోబడతారు.

నేనూ అతీతురాలిని కాను. సబ్బవరం దగ్గర ఒక ఊరిలో కుళాయి నీటి గురించి అడగడానికి వెళ్ళి, బస్సు దిగిన చోటే ఉన్న టీ కొట్టు దగ్గర మొదలుపెట్టాను. ఇరవై మందిని అడిగాను. అందరూ నీళ్ళు బాగానే వస్తున్నాయన్నారు. తిరుగు బస్సు ఎక్కబోతూ, కలుపు తీసి వస్తున్న ఒక ఆమెను మాటవరసకు అడిగాను. "బాగా వత్తన్నాయని ఎవురన్నారమ్మా?" అంది. టీ కొట్టు వైపు చూపించాను. "నీళ్ళు ఆళ్ళెప్పుడు పట్టేరు? మేం పట్టి కుండలో పోత్తే తాగుతారు. కుండలోకి బాగానే వత్తాయి మరి" అని నవ్వింది. నా ఇరవై కాగితాలూ అక్కడే చింపి, మర్నాడు కుళాయి దగ్గర మొదలుపెట్టాను. టీ కొట్టులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. అడగడానికి సులువైనవారిని అడిగి, ఊరిని అడిగాననుకున్నది నేను. ఎవరైనా మీతో "అందరూ అంటున్నారు" అన్నప్పుడు, ఆ అందరినీ ఎక్కడ నిలబడి విన్నారో అడగండి.

అదే ఊరు, మళ్ళీ

చాలా ఏళ్ళ తరువాత, పదవీ విరమణ దగ్గరపడిన రోజుల్లో, పర్యవేక్షణ కోసం ఆ ఊరికే వెళ్ళవలసి వచ్చింది. ఈసారీ కోతల ముందు వానలే. లాటరీలో వచ్చిన చేలలో ఒకటి సింహాచలానిది. ఆ రోజు వారపు సెలవు కావడంతో బావమరిదికి కోతలో సాయం చేయడానికి అప్పలనాయుడు కూడా వచ్చాడు. జుట్టు తెల్లబడింది, కంపెనీ ఇచ్చిన నీలం చొక్కా వేసుకున్నాడు. నన్ను గుర్తుపట్టి, "బాగున్నారా అమ్మా" అన్నాడు. జాబితా ఎంత అవసరమో ఈసారి ఊరందరికీ తెలుసు. గట్ల నిండా జనం నిలబడ్డారు.

అడుగులు నేనే వేశాను, కాళ్ళు చూసుకుంటూ. ఆగి తలెత్తితే చేనంతటిలో నిలిచిన ఒకే ఒక్క మంచి పైరు ముక్క మధ్య ఉన్నాను. చుట్టూ పడిపోయిన వరి, నీరు.

"ఇదేటమ్మా" అన్నాడు సింహాచలం. "సేనంతా పోతే ఈ జానెడు ముక్కే దొరికిందేటి మీకు?"

"నంబరు ఇక్కడికి తెచ్చింది."

"నాడు మా బావ సేలో నంబరు తెచ్చినకాడే కోసేరేటి? నాను గట్టుమీదే ఉన్నాను కదా. బావడిగితే పదడుగులు జరిపేరు. ఇయ్యాల నానడుగుతున్నాను. బావ మాటకున్న ఇలవ నా మాటకు లేదేటి?"

అందరూ నా వైపు చూశారు. ముప్పై ఏళ్ళుగా దాచుకున్నది అక్కడ చెప్పాను. అప్పుడు నంబరు బోసిమడిలో పడిందని, నేను జరిపి మంచి పంట కోయించానని, అందువల్ల ఊరి సగటు పెరిగిందని, జాబితాలో ఊరి పేరు లేకపోవడానికి అదొక కారణం కావచ్చునని చెప్పాను.

అప్పలనాయుడు కొడవలి కింద పెట్టాడు. "అంటే, ఆ బోసిమడి కోసుంటే మా ఊరిని రాసుకుందురా?"

"రాసేవారేమో. తప్పకుండా రాసేవారని చెప్పలేను. ఆ అవకాశం మాత్రం నేను తీసేశాను."

"నానడిగితేనే గదమ్మా తీసేరు."

"మీరు అడగడం మర్యాద. నేను వినడం తప్పు."

సింహాచలం ముందుకొచ్చాడు. "మరింకేటి? నాడు అటు జరిపేరు, ఈమాటు ఇటు జరిపీండి. సరికి సరి."

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం అది నాకూ లెక్కలాగే వినిపించింది. ఒక ఎక్కువ, ఒక తక్కువ, సగటు సున్నా. అపరాధభావానికి గణితం బాగా వస్తుంది. నేను తేరుకునేలోపు అప్పలనాయుడు అన్నాడు:

"సరికి సరి ఎలాగవుతాదిరా? నాడు పోయిన సేను నాది. ఇయ్యాల జరిపితే నా సేను తిరిగొత్తాదేటి? ఇంకే ఊర్లో ఎవుడి సేను పోతాదో నీకు తెలుసేటి?" నా వైపు తిరిగి చెయ్యి చాపాడు. "కర్ర ఇలాగియ్యండమ్మా."

నా అడుగు పడిన చోటే, నిండు కంకుల మధ్య, ఆయనే కర్ర పాతాడు. సింహాచలం కాసేపు మొహం తిప్పుకుని, తరువాత తాడు రెండో కొస పట్టుకున్నాడు.

ఆ ఏడు ఊరి పేరు జాబితాలోకి వచ్చింది. మిగిలిన మూడు చేలలో నంబర్లు నీరు నిలిచిన మడుల్లో పడ్డాయి. ఇది రాయడానికి నాకు సంకోచంగా ఉంది, ఎందుకంటే దీన్నుంచి మీరు తప్పు పాఠం నేర్చుకుంటారు. నిజాయితీగా కోశారు కాబట్టి మంచి జరిగిందనుకుంటారు. కాదు. మిగిలిన మూడూ మంచి పైరులోనే పడి, ఊరు మళ్ళీ జాబితా బయటే మిగిలిపోయి ఉన్నా, ఆ కర్ర పాతిన చోటు అంతే సరైనది. నిష్పాక్షికమైన పద్ధతి ప్రతిసారీ సత్యాన్ని తాకుతుందని ఏ శాస్త్రమూ హామీ ఇవ్వదు. ఎవరి కోరిక వైపూ అదే పనిగా ఒరగదని మాత్రమే హామీ ఇస్తుంది. ఒక్క ఊరికి, ఒక్క ఏటికి అది చాలా తక్కువ హామీ. నాకు తెలిసినంతలో అంతకంటే ఎక్కువ ఇవ్వగలది ఏదీ లేదు.

సాయం అందినవారిలో అప్పలనాయుడు లేడు. ఆయనకు చేను లేదు కదా. అందుకని ఆయనను నిష్పాక్షికుడని నేను పొగడను. ఊరంటే ఆయనకు ప్రాణం, సింహాచలం సొంత బావమరిది, ఆ పూట ఆయన మనసు ఎటు మొగ్గిందో నాకు తెలుసు. శిక్షణలో ఆ అమ్మాయి చెప్పిన జవాబు మనసు గురించి. మనసుకు మొగ్గు ఉంటుంది, ఉండనివ్వండి. మొగ్గు ఉండకూడనిది కర్రకు.

ఆ సాయంత్రం తూకం అయ్యాక నేను ఫారం నింపుతుంటే అప్పలనాయుడు గట్టు మీద నా పక్కన కూర్చున్నాడు.

"ఈమాటు సరిగ్గా పడ్డదా అమ్మా?"

"సరిగ్గా పడిందో లేదో నాకు తెలియదు అప్పలనాయుడుగారూ. మనం జరపలేదు."

ఆయన లేచి వెళ్ళి, కర్ర పెరికి, తువ్వాలుతో మట్టి తుడిచి తెచ్చి నా చేతికిచ్చాడు.